విజయవాడ డాబా మీద నుంచి చూసిన ఋతువులు: భూమి అక్షం వంపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏటా మే నెల ఎండలు ముదిరేసరికి పిల్లలూ, పిల్లల కంటే ఎక్కువగా పెద్దలూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సూర్యుడు ఈ నెలలో మనకు దగ్గరగా వస్తాడా?" చాలా ఏళ్ళుగా పిల్లలకు సైన్సు చెబుతున్నందువల్ల ఈ ప్రశ్నా, దీని వెంట వచ్చే మరికొన్ని ప్రశ్నలూ నాకు బాగా పరిచయం. వాటికి విజయవాడ, గుంటూరు ప్రాంతంలో మన కంటికి కనిపించే ఆధారాలతోనే ఇక్కడ జవాబులు రాస్తున్నాను. లెక్కల్లో విజయవాడ అక్షాంశాన్ని 16.5 డిగ్రీల ఉత్తరంగా తీసుకున్నాను. గుంటూరుకు తేడా చాలా స్వల్పం.

ప్రశ్న: ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుందా?

వెళ్ళదు. మనకు ఎండలు మండే నెలల్లో భూమి సూర్యుడికి క్రమంగా దూరమవుతూ ఉంటుంది. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండే స్థానాన్ని పరిహేళి అంటారు. అది ఏటా జనవరి 3 నుంచి 5వ తేదీల ప్రాంతంలో వస్తుంది. అంటే మన ఇళ్ళ ముందు భోగి మంటలకు కట్టెలు పోగుచేసుకునే రోజుల్లోనే సూర్యుడు మనకు అత్యంత చేరువలో, సుమారు 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. అత్యంత దూరంగా ఉండే అపహేళి జులై మొదటి వారంలో వస్తుంది, అప్పటి దూరం సుమారు 15.21 కోట్ల కిలోమీటర్లు.

రెండింటి మధ్య తేడా 50 లక్షల కిలోమీటర్లు. వినడానికి ఇది పెద్ద సంఖ్యే అయినా మొత్తం దూరంలో 3 శాతానికి కొంచెం ఎక్కువ మాత్రమే. దీనివల్ల భూమికి అందే సౌరశక్తిలో వచ్చే మార్పు సుమారు 7 శాతం. ఇది లెక్కలోకి రానంత చిన్నదేమీ కాదు గాని, ఋతువులను నడిపించేది మాత్రం ఇది కాదు. దూరమే కారణమైతే భూగోళం మొత్తానికీ ఒకేసారి ఎండాకాలం, ఒకేసారి చలికాలం రావాలి. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే టెస్టు మ్యాచ్‌ను మనం తెల్లవారుజామున దుప్పటి కప్పుకొని టీవీలో చూస్తుంటే, అక్కడి ప్రేక్షకులు టోపీలు పెట్టుకొని, ఒంటికి ఎండ తగలకుండా క్రీములు రాసుకొని కూర్చుంటారు. అదే రోజు, అదే సూర్యుడు, అదే దూరం. మారింది భూగోళం మీద ఉన్న చోటు ఒక్కటే.

ప్రశ్న: పుస్తకాల్లో భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు కదా?

ఆ బొమ్మ పక్కనుంచి, ఏటవాలుగా చూస్తున్నట్టు గీసినది. ఈ సంగతి బొమ్మ కింద రాయకపోవడం వల్లనే తరతరాలుగా పిల్లల మనసుల్లో పొరపాటు నాటుకుపోతోందని నా అభిప్రాయం. భూకక్ష్య దీర్ఘవృత్తమే, కాని దాదాపు వృత్తమనే చెప్పాలి. నేల మీద ఒక మీటరు వ్యాసం వచ్చేలా భూకక్ష్యను ముగ్గుతో వేస్తే, దాని పొడవుకూ వెడల్పుకూ మధ్య తేడా మిల్లీమీటరులో ఏడో వంతు ఉంటుంది. ముగ్గు గీత మందమే అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సూర్యుడు మాత్రం సరిగ్గా మధ్యలో కాకుండా 8 మిల్లీమీటర్లు పక్కకు ఉంటాడు. పరిహేళి, అపహేళి ఏర్పడేది ఆ 8 మిల్లీమీటర్ల వల్లనే.

ప్రశ్న: అక్షం వంపు అంటే సరిగ్గా ఏమిటి? భూమి ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతుందా?

భూమి తన చుట్టూ తాను తిరిగే ఊహారేఖ అక్షం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలానికి ఈ అక్షం నిట్టనిలువుగా లేదు, నిలువు నుంచి సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. ఆ ఒరుగుడు ఏడాది పొడవునా ఒకే దిక్కుకు ఉంటుంది. అక్షం ఉత్తరపు కొన జనవరిలోనైనా, జులైలోనైనా ధ్రువ నక్షత్రం ఉన్న వైపే చూస్తుంది. ఏటేటా భూమి అటూ ఇటూ ఊగదు. ఈ ఒక్క విషయం మనసుకు ఎక్కితే మిగిలినదంతా దానంతట అదే అర్థమవుతుంది.

గుడిలో ధ్వజస్తంభం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నారనుకోండి. స్తంభమే సూర్యుడు, మీరు భూమి. చేతిలో ఒక గొడుగు ఉంది. మీ ముఖం ఎటు తిరిగినా గొడుగును మాత్రం ఉత్తరానికే వంచి పట్టుకోవాలని నియమం పెట్టుకున్నారు. స్తంభానికి దక్షిణాన ఉన్నప్పుడు మీ గొడుగు స్తంభం వైపు వాలి ఉంటుంది, అది జూన్ 21 ప్రాంతం. స్తంభానికి ఉత్తరాన ఉన్నప్పుడు అదే గొడుగు స్తంభానికి ఎడంగా వాలి ఉంటుంది, అది డిసెంబరు 21 ప్రాంతం. తూర్పున, పడమరన ఉన్నప్పుడు గొడుగు స్తంభం వైపూ లేదు, ఎడంగానూ లేదు. అవి మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో వచ్చే, పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే విషువత్తులు. గొడుగును ఒక్కసారి కూడా కదపలేదు, మీరు నడిచారంతే.

ప్రశ్న: వంపు వల్ల ఉత్తరార్ధగోళం సూర్యుడికి దగ్గరవుతుంది కాబట్టి వేడెక్కుతుందా?

దూరం అనే పాత పొరపాటే ఇక్కడ వేషం మార్చుకొని వస్తోంది. భూమి వ్యాసం మొత్తం 12,742 కిలోమీటర్లు. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యుడికి అది లెక్కలోకి రాదు. వంపు పని దూరం ద్వారా జరగదు, కోణం ద్వారానూ, పగటి నిడివి ద్వారానూ జరుగుతుంది.

ప్రశ్న: కోణం మారితే వేడి ఎందుకు మారుతుంది?

గుంటూరు జిల్లాలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ పల్లె మీదుగా వెళ్ళినా కళ్ళాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు కనిపిస్తాయి. ఒక బస్తా కాయలను చిన్న పట్టా మీద పోస్తే నేల కనబడనంత దట్టంగా ఉంటాయి. అదే బస్తాను పెద్ద పట్టా మీద పరిస్తే పలుచబడి, సందుల్లో పట్టా కనిపిస్తుంది. కాయలు తగ్గలేదు, పరుచుకున్న చోటు పెరిగింది. ఎండ సంగతీ అంతే. సూర్యుడు నడినెత్తిన ఉంటే ఒక చదరపు మీటరు అడ్డుకోత ఉన్న కాంతి ఒక చదరపు మీటరు నేల మీదే పడుతుంది. సూర్యుడు వాలిన కొద్దీ అదే కాంతి ఎక్కువ నేల మీద పలుచగా పరుచుకుంటుంది.

విజయవాడలో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున 50 డిగ్రీల ఎత్తు వరకే వస్తాడు. అప్పుడు ఒక చదరపు మీటరు కాంతి 1.3 చదరపు మీటర్ల నేలకు పంచబడుతుంది. పైగా ఏటవాలుగా వచ్చే కిరణాలు ఎక్కువ మందం గాలిని దాటి రావాలి కాబట్టి దారిలోనే కొంత చెదిరిపోతాయి. జూన్ 21న అదే సమయానికి సూర్యుడు 83 డిగ్రీల ఎత్తులో, దాదాపు తల మీదే ఉంటాడు. కాంతి పలుచబడటమనేది అప్పుడు ఇంచుమించు ఉండదు.

రెండో సంగతి పగటి నిడివి. విజయవాడలో జూన్ 21న పగలు సుమారు 13 గంటల 6 నిమిషాలు, డిసెంబరు 21న సుమారు 11 గంటల 8 నిమిషాలు. అంటే ఎండ వాడిగా ఉండటమే కాకుండా దాదాపు రెండు గంటలు ఎక్కువసేపు కాస్తుంది. రాత్రి చల్లబడటానికి దొరికే సమయం కూడా ఆ మేరకు తగ్గుతుంది. కోణాన్నీ, నిడివినీ కలిపి వాతావరణానికి పైన అందే శక్తిని లెక్కిస్తే, మన అక్షాంశం మీద జూన్ చివరి వారంలోని ఒక రోజు డిసెంబరు చివరి వారంలోని ఒక రోజు కంటే సుమారు 40 శాతం ఎక్కువ సౌరశక్తిని తెస్తుంది. జూన్‌లో సూర్యుడు దూరంగా ఉన్నాడన్న తగ్గింపును కూడా లెక్కలో కలిపిన తర్వాత వచ్చిన సంఖ్య ఇది.

ఉత్తరానికి వెళ్ళే కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఢిల్లీలో పగటి నిడివి దాదాపు 14 గంటల నుంచి 10 గంటల 20 నిమిషాల దాకా మారుతుంది. లండన్‌లో డిసెంబరు పగలు 8 గంటలకు కూడా చేరదు. మన దగ్గర చలికాలం అంటే సాయంత్రం ఒక శాలువా, అక్కడ మంచు గడ్డకట్టడం ఎందుకో దీనిబట్టి ఊహించుకోవచ్చు.

ప్రశ్న: విజయవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడా? వస్తే ఎప్పుడు?

వస్తాడు, ఏడాదికి రెండుసార్లు. మే 6వ తేదీ ప్రాంతంలో ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, ఆగస్టు 7వ తేదీ ప్రాంతంలో దక్షిణానికి తిరిగి వస్తూ మరొకసారి. వీటిని నీడలేని రోజులు అంటారు. ఆగస్టులో మబ్బులు అడ్డుపడే అవకాశం ఎక్కువ కాబట్టి మే నెలదే నమ్మదగినది. ఆ రోజు మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలు దాటి 4 నిమిషాలకు ఇది జరుగుతుంది. మన దేశ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి విజయవాడ కొంచెం పడమరగా ఉండటమూ, ఆ రోజుల్లో సూర్యుడు గడియారం కంటే మూడు నిమిషాలకు పైగా ముందుండటమూ కలిసి ఆ 4 నిమిషాలు వస్తాయి.

నేను దీన్ని ప్లంబింగ్ పనిలో మిగిలిపోయిన మూరెడు పీవీసీ గొట్టంతో డాబా మీద చూస్తాను. స్టీలు గ్లాసు పనికిరాదు, దాని అంచులు పైకి వెడల్పుగా ఉంటాయి. గొట్టాన్ని నిలబెట్టి, తాపీ మేస్త్రి వాడే రసమట్టం ఆనించి, కింద అట్టముక్కలు పెట్టి నిటారుగా సర్దాలి. పదకొండున్నరకు నీడ పడమటి వైపు నాలుగు వేళ్ళ పైన ఉంటుంది. పన్నెండుకు అర అంగుళమో, ఇంకా తక్కువో మిగులుతుంది. తర్వాత గొట్టం చుట్టూ ఎక్కడా నల్లటి గీత కూడా లేకుండా నీడ దాని పాదంలోకి పూర్తిగా ఒదిగిపోతుంది. అప్పుడు గొట్టంలోకి తొంగి చూడాలనిపిస్తుంది గాని, మన తల అడ్డం వస్తే వెలుగే పడదు. ఫోను కెమెరాను పక్కనుంచి పెట్టి చూస్తే గొట్టం అడుగున నేల మీద వెలుగు అంచు నుంచి అంచు దాకా నిండు బిళ్ళలా పరుచుకొని కనిపిస్తుంది. రెండు నిమిషాలు గడిచేసరికి ఆ బిళ్ళ పడమటి అంచు కొరికినట్టు తగ్గడం మొదలవుతుంది, బయట తూర్పు వైపు నీడ తిరిగి పుడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఎందుకంటే కాళ్ళ కింద ఉన్న ఇంత పెద్ద గోళం ఒరిగి ఉందన్న సంగతి మూరెడు గొట్టంలో కనిపిస్తుంది.

హైదరాబాదు మనకు ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ మే నెలలో ఇది సుమారు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీకి నీడలేని రోజు ఎప్పటికీ రాదు.

ప్రశ్న: పగలు జూన్ 21న అన్నిటికంటే పెద్దది కదా, మరి మనకు మే నెలలోనే ఎండలు ఎందుకు మండుతాయి?

ఇది మంచి ప్రశ్న. "వంపు వల్ల ఋతువులు" అనే ఒక్క వాక్యం బట్టీపట్టిన వారు ఇక్కడే తడబడతారు. ఉత్తర దేశాల గురించి రాసిన పాఠాన్ని మన ఊరికి యథాతథంగా అతికిస్తే అది సరిపోదు.

మన అక్షాంశం మీద సూర్యుడు మే మొదటి వారంలో నడినెత్తికి వచ్చి, కొంచెం ఉత్తరానికి జరిగి, ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ నడినెత్తికి వస్తాడు. అందువల్ల మే మొదలు నుంచి ఆగస్టు మొదలు వరకు వాతావరణానికి పైన మనకు అందే రోజువారీ సౌరశక్తి దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. మే 6కూ జూన్ 21కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పైనుంచి రాబడి సమానమైనప్పుడు, కింద ఖర్చు ఎలా ఉందన్నదే వేడిని నిర్ణయిస్తుంది. మే నెలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పంటలు ఇంటికి చేరి, కాలువలు కట్టేసి, చేలు ఎండి పగుళ్ళు తీసి ఉంటాయి. తడి ఉన్న నేల మీద పడిన ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. ఎండిన నేలకు ఆ ఖర్చు లేదు కాబట్టి వచ్చిన శక్తి అంతా నేలనూ, నేలను ఆనుకున్న గాలినీ కాల్చడానికే పోతుంది. దీనికి తోడు వాయవ్యం నుంచి, భూభాగం మీదుగా ప్రయాణించి వచ్చే పొడి గాలి వడగాలిగా మారుతుంది. విజయవాడలో ఆ రోజుల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పల్నాడులో రెంటచింతల పేరు ఎండలకే ప్రసిద్ధి కావడానికి సముద్రపు గాలి అందనంత లోపల, రాతి నేలల మధ్య అది ఉండటం ఒక కారణం.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చేసరికి మబ్బు గొడుగు పడుతుంది, నేల తడుస్తుంది, ఉష్ణోగ్రత దిగుతుంది. సూర్యుడు మాత్రం అక్కడే, అంతే ఎత్తులో ఉంటాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అన్నది మే 25 ప్రాంతం నుంచి జూన్ 7, 8 తేదీల దాకా ఉండే రెండు వారాల గురించి. పోగైన వేడి పతాక స్థాయిలో ఉండి, వాన ఇంకా రాని చిట్టచివరి సందు అది. ఆ సామెతలో అతిశయోక్తి ఉండవచ్చు గాని, కాలం మీద గురి మాత్రం తప్పలేదు.

ప్రశ్న: వానాకాలానికి కూడా అక్షం వంపే కారణమా?

మూల కారణం అదే. సూర్యుడు ఉత్తరానికి జరిగినప్పుడు ఉపఖండపు నేల, చుట్టూ ఉన్న సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీద గాలి పైకి లేచి పీడనం తగ్గుతుంది. భూమధ్యరేఖ దగ్గర రెండు అర్ధగోళాల గాలులూ కలిసి పైకి లేచే మేఘాల పట్టీ కూడా సూర్యుడి వెంటే ఉత్తరానికి జరుగుతుంది. దక్షిణార్ధగోళం నుంచి భూమధ్యరేఖను దాటి వచ్చే గాలులు భూభ్రమణం వల్ల కుడివైపుకు మళ్ళి, నైరుతి దిక్కు నుంచి తేమను మోసుకొస్తాయి. రుతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, తర్వాత కొద్ది రోజుల్లో మనల్ని చేరుతాయి. సూర్యుడు దక్షిణానికి తిరిగాక గాలి దిశ మారి ఈశాన్య రుతుపవనాల కాలం మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు తుపానులు మన తీరానికి వచ్చేది అప్పుడే.

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి, దిగువన కృష్ణమ్మ ఎర్రగా పరవళ్ళు తొక్కుతున్న రోజున వంతెన మీద నిలబడి చూసేవారు, ఆ నీటిలో ఎక్కువ భాగం ఎక్కడో పడమటి కనుమల్లో కురిసిన వానదని తలచుకుంటారు. ఆ వానను అక్కడికి లాక్కొచ్చినది భూమి ఒరుగుడేనని కూడా తలచుకోవచ్చు.

ప్రశ్న: ఋతువులు నాలుగా, ఆరా, మూడా?

లెక్కించే చోటును బట్టి ఉంటుంది. సూర్యుడి గమనం ఏడాదిలో రెండు విషువత్తులు, రెండు ఆయనాంతాలతో (జూన్ 21, డిసెంబరు 21 ప్రాంతాలు) నాలుగు గుర్తులను ఇస్తుంది. చలి దేశాల వారికి వాతావరణం కూడా ఇంచుమించు ఆ నాలుగింటినీ అనుసరిస్తుంది. మన సంప్రదాయం రెండేసి చాంద్రమాసాలకు ఒకటి చొప్పున వసంతం నుంచి శిశిరం దాకా ఆరు ఋతువులు చెప్పింది, వానకు ప్రత్యేకంగా ఒకదాన్ని కేటాయించింది. వాడుకలో మనం ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడే అంటాం. మన నేల స్వభావానికి ఈ మూడూ బాగా సరిపోయాయని నేను అనుకుంటాను.

ప్రశ్న: ఉత్తరాయణం సంక్రాంతికి మొదలవుతుందా, డిసెంబరు 21నా?

సూర్యోదయ స్థానం దక్షిణానికి జరగడం ఆగి, ఉత్తరానికి మళ్ళడం డిసెంబరు 21, 22 తేదీల్లో జరుగుతుంది. నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయన పద్ధతిలో సూర్యుడు మకర రాశిలో ప్రవేశించడం జనవరి 14, 15 తేదీల్లో జరుగుతుంది. సుమారు 1700 సంవత్సరాల క్రితం ఈ రెండూ ఒకే సమయంలో వచ్చేవి. తిరుగుతున్న బొంగరం వేగం తగ్గినప్పుడు దాని పైకొన మెల్లగా గుండ్రంగా ఊగినట్టు, భూమి అక్షం కూడా సుమారు 26,000 సంవత్సరాలకు ఒకసారి ఆకాశంలో వలయం చుడుతుంది. ఒరుగుడు కోణం దాదాపు అంతే ఉంటుంది, ఒరిగిన దిక్కు మాత్రం మెల్లగా మారుతుంది. దాని ఫలితంగా నక్షత్రాలను బట్టి లెక్కించే తేదీలు, ఋతువులను బట్టి లెక్కించే తేదీల నుంచి 72 ఏళ్ళకు సుమారు ఒక రోజు చొప్పున జరుగుతూ వచ్చాయి.

కాబట్టి పంచాంగం తప్పు అనడం సరికాదు, రెండు లెక్కలూ రెండు వేర్వేరు ఆధారాలను పట్టుకున్నాయి. మన పూర్వులు అక్షం వంపును ఎరగనివారు కూడా కారు. క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయంలోనూ, సూర్యసిద్ధాంతంలోనూ సూర్యుడి గరిష్ఠ క్రాంతిని, అంటే సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరానికో దక్షిణానికో జరిగే అత్యధిక కోణాన్ని, 24 డిగ్రీలుగా తీసుకున్నారు. నేటి విలువకు అది ఎంత దగ్గరో చూడండి. నీడను శంకువుతో, అంటే నిటారుగా నిలబెట్టిన పుల్లతో, కొలిచే పద్ధతి వారికి క్షుణ్ణంగా తెలుసు.

ప్రశ్న: డిసెంబరు 21 దాటాక కూడా జనవరిలో పొద్దు ఇంకా ఆలస్యంగా పొడుస్తుంది. ఎందుకు?

మీరు గమనించినది నిజమే. విజయవాడలో సూర్యోదయం అన్నిటికంటే ఆలస్యమయ్యేది జనవరి మూడో వారం ప్రాంతంలో, సుమారు 6 గంటల 41 నిమిషాలకు. సూర్యాస్తమయం అన్నిటికంటే త్వరగా అయ్యేది నవంబరు చివర. అక్షం వంపూ, కక్ష్యలో మారే వేగమూ కలిసి సూర్యుడి మధ్యాహ్నాన్ని గడియారపు మధ్యాహ్నానికి ముందుకీ వెనక్కీ జరుపుతుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో అది రోజురోజుకూ ఆలస్యమవుతుంది. పగలు పెరుగుతున్నా, ఆ పెరుగుదల కొంతకాలం సాయంత్రం వైపే కనిపిస్తుంది.

ప్రశ్న: ఈ మధ్య ఎండలు పెరగడానికి భూమి వంపు మారడం కారణమా?

కాదు. వంపు 22.1 డిగ్రీలకూ 24.5 డిగ్రీలకూ మధ్య సుమారు 41,000 సంవత్సరాలకు ఒక ఆవృత్తిగా మారుతుంది, ప్రస్తుతం మెల్లగా తగ్గుతోంది. నూరేళ్ళకు వచ్చే మార్పు డిగ్రీలో 70వ వంతు కంటే కొంచెం తక్కువ. వంపు తగ్గితే వేసవులు చల్లబడే వైపు పోవాలి గాని వేడెక్కకూడదు. గత శతాబ్దిన్నరగా పెరుగుతున్న వేడికి ప్రధాన కారణం బొగ్గు, పెట్రోలియం మండించడం వల్ల గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు. నగరాల్లో చెట్లు పోయి కాంక్రీటు రావడం రాత్రుల వేడిని మరింత పెంచింది. నెపాన్ని భూమి మీదకు నెట్టడం న్యాయం కాదు.

దీర్ఘకాలంలో మాత్రం ఈ మార్పులకు చాలా బలం ఉంది. సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలాంకోవిచ్ వంపు, కక్ష్య ఆకారం, అక్షం ఊగడం అనే మూడింటినీ కలిపి మంచుయుగాల రాకపోకలను లెక్కగట్టాడు. సుమారు 10,000 సంవత్సరాల క్రితం పరిహేళి మన వేసవి నెలల్లో వచ్చేది. అప్పటి రుతుపవనాలు నేటి కంటే బలంగా ఉండి, ఇప్పటి సహారా ఎడారిలో గడ్డిమైదానాలూ సరస్సులూ ఉండేవి.

ప్రశ్న: అసలు భూమికి ఈ వంపు ఎలా వచ్చింది? అది లేకపోతే ఏమయ్యేది?

భూమి ఏర్పడుతున్న తొలి దశలో కుజుడంత పరిమాణమున్న ఒక గోళం దాన్ని ఢీకొన్నదనీ, ఆ తాకిడికి ఎగసిన పదార్థం నుంచి చంద్రుడు పుట్టాడనీ, వంపుకు కూడా ఆ తాకిడే కారణమై ఉండవచ్చనీ శాస్త్రవేత్తలలో ఎక్కువ మంది భావిస్తారు. ఆ వంపు విపరీతంగా మారకుండా చంద్రుడి ఆకర్షణ కాపు కాస్తోందని 1993లో ప్రచురితమైన గణనలు చూపించాయి.

వంపే లేకపోతే విజయవాడలో ప్రతి రోజూ మార్చి 20 లాగే ఉంటుంది: మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ 73.5 డిగ్రీల ఎత్తులో, పగలూ రాత్రీ ఎప్పుడూ ఇంచుమించు సమానం. మేఘాల పట్టీ భూమధ్యరేఖ దగ్గరే ఉండిపోతుంది, మన దాకా ఏటేటా నడిచి రాదు. ఖరీఫ్ అనే మాటకు అర్థమే ఉండదు. కృష్ణా డెల్టా వరి చేలను ఆ స్థితిలో ఊహించడం నాకు కష్టంగా ఉంటుంది.

ప్రశ్న: ఇతర గ్రహాలకు ఋతువులు ఉంటాయా?

ఉంటాయి. కుజుడి వంపు 25.2 డిగ్రీలు, అక్కడి ఏడాది 687 రోజులు కాబట్టి ఒక్కో ఋతువు మనకంటే దాదాపు రెట్టింపు కాలం సాగుతుంది. గురుడి వంపు 3 డిగ్రీలే, అందువల్ల అక్కడ ఋతువులు నామమాత్రం. యురేనస్ సుమారు 98 డిగ్రీలు ఒరిగి, పక్కకు పడుకొని దొర్లుతున్నట్టు తిరుగుతుంది. దాని ధ్రువాల దగ్గర పగలు 42 సంవత్సరాలు, రాత్రి 42 సంవత్సరాలు.

ప్రశ్న: పిల్లలకు ఇంటి దగ్గరే దీన్ని ఎలా చూపించాలి?

రెండు పనులు చెబుతాను. మొదటిది సాయంత్రం కరెంటు దీపంతో చేసేది. ఒక బత్తాయికి చీపురుపుల్ల గుచ్చి, పుల్లను కొంచెం వంచి పట్టుకొని, గది మధ్యలో వెలుగుతున్న బల్బు చుట్టూ బిడ్డ చేత నడిపించండి. పుల్ల పైకొన ఎప్పుడూ ఒకే గోడ వైపు చూడాలి. పిల్లలు తెలియకుండానే పుల్లను బల్బు వైపు తిప్పేస్తుంటారు. అక్కడ ఆపి సరిచేయడమే అసలు పాఠం. బత్తాయి మీద మన ఊరికి గుర్తుగా కుంకుమ బొట్టు పెట్టి, పుల్లతో పాటు బత్తాయిని తిప్పుతూ ఉంటే, ఏ వైపున అది ఎక్కువసేపు వెలుగులో ఉందో పిల్లలే చెబుతారు.

రెండోదానికి ఏడాది పడుతుంది, కాని దానితో సమానమైనది లేదు. డాబా మీద ఒక మీటరు కర్రను కుండీలో నిటారుగా నిలబెట్టి, నెలకు ఒకసారి నీడ అతి పొట్టిగా ఉన్న వేళ దాని కొన దగ్గర సుద్దముక్కతో గీత పెట్టి, పెయింటుతో తేదీ వేయండి. గడియారంలో సరిగ్గా 12 గంటలకు గాక, 11.50కూ 12.25కీ మధ్య నీడను గమనిస్తూ ఉండాలి. విజయవాడలో డిసెంబరు 21న నీడ ఉత్తరం వైపు సుమారు 84 సెంటీమీటర్లు ఉంటుంది. సంక్రాంతి నాటికి 78కి తగ్గుతుంది, మార్చి 20కి 30కి వస్తుంది. మే మొదటి వారంలో మాయమవుతుంది. ఆ తర్వాత జూన్ 21న, అప్పటిదాకా ఉత్తరానికి మాత్రమే పడటం చూసిన పిల్లలు గీత పెట్టడానికి సుద్దముక్క పట్టుకొని వెళ్ళి చూస్తే, నీడ కర్రకు అవతలి పక్కన, దక్షిణం వైపు 12 సెంటీమీటర్ల మేర పడి ఉంటుంది.